జైలు సామర్థ్యం అంటే పడకల లెక్కేనా?

(జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ స్మారకోపన్యాస పాఠం)

ఖైదీగా, జైళ్ల మంత్రిగా, న్యాయమూర్తిగా జైలును మూడు వైపుల నుంచీ చూసిన మనిషి వి.ఆర్. కృష్ణయ్యర్. 1948లో మలబారులో వకీలుగా ఉన్న రోజుల్లో, కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేస్తున్నారని ఆయన్ని పట్టుకెళ్లి దాదాపు నెల రోజులు నిర్బంధించారు. 1957లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో చేరినప్పుడు న్యాయశాఖ, హోంశాఖలతో పాటు జైళ్ల శాఖనూ ఆయనకే అప్పగించారు. 1973 నుంచి 1980 దాకా సుప్రీంకోర్టులో కూర్చుని, జైలు గోడ లోపల రాజ్యాంగం ఆగిపోదని తీర్పు మీద తీర్పు రాశారు. 2014 డిసెంబర్ 4న కన్నుమూసే నాటికి ఆయన ఆ మాట చెబుతూనే ఉన్నారు. దేశంలో జైళ్లు చాలడం లేదు, కొత్తవి కట్టాలి అన్న మాట నేడు ప్రతి బడ్జెట్ సమయంలోనూ వినబడుతోంది. ఆయన పేరు మీద జరిగే ఉపన్యాసానికి అంతకంటే తగిన విషయం మరొకటి ఉండదు.

ఆయన ముఖ్యమైన తీర్పుల్లో రెండు తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులవి. మొదటిది 1977 నాటి గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలు ఇప్పిస్తామని నమ్మించి కుర్రాళ్ల దగ్గర డబ్బు గుంజిన మోసం అది. నేరం రుజువైంది, దాన్ని చిన్నదిగా ఆయన చూడలేదు. అయినా శిక్షను 18 నెలలకు తగ్గించి, అక్కడితో ఆగకుండా జైల్లో అతనికి ఎలాంటి పని ఇవ్వాలో, దానికి కూలి కట్టాలనీ, మధ్యమధ్య పెరోల్ మీద ఇంటికి పంపాలనీ తీర్పులోనే రాశారు. ఎన్నాళ్లు లోపల ఉండాలి అన్నదానితో జడ్జి పని అయిపోయిందనుకునే రోజుల్లో, ఆ మనిషి ఎలా బయటికి రావాలన్నది కూడా శిక్షలో భాగమేనన్నారు. రెండోది గుడికంటి నరసింహులు కేసు. బెయిల్ ఇవ్వడమా, మానడమా అన్నది జడ్జిగారి ఇష్టాయిష్టాల మీద నడవకూడదని అందులో తేల్చారు.

ఆ రెండు తీర్పులూ వేర్వేరు విషయాల మీదివిగా కనిపిస్తాయి. ఒకటి పునరావాసం, ఒకటి బెయిల్. నేటి జైళ్ల లెక్కలు తీసి చూస్తే రెండూ ఒకే ముడికి రెండు కొసలని తెలుస్తుంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా జైళ్ల గణాంకాలు ప్రచురిస్తుంది. 2012 చివర్లో దేశంలోని జైళ్లన్నిటి సామర్థ్యం 3,43,169. ఉన్నవాళ్లు 3,85,135 మంది. పదేళ్లు గడిచాయి, కొత్త బ్యారక్‌లు లేచాయి, కొత్త జైళ్లు ప్రారంభమయ్యాయి. 2022 చివరికి సామర్థ్యం 4,36,266కు చేరింది. అంటే 93 వేల పడకలు పెరిగాయి. మరి ఇరుకు తగ్గిందా? ఖైదీల సంఖ్య 5,73,220కి పోయింది. 2012లో వంద మంది పట్టే చోట 112 మంది ఉంటే, 2022లో 131 మంది ఉన్నారు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ జైళ్లలో ఆ సంఖ్య 180 ప్రాంతంలో ఉంది. కట్టినకొద్దీ ఇరుకు పెరిగింది.

ఎందుకు పెరిగిందో అదే లెక్కలో ఉంది. శిక్ష పడిన ఖైదీలు 2012లో లక్షా 27 వేల చిల్లర ఉంటే, 2022లో లక్షా 33 వేల చిల్లర. పదేళ్లలో పెరిగింది ఆరు వేల లోపే. అదే కాలంలో విచారణ ఖైదీలు రెండున్నర లక్షల నుంచి 4,34,302కు పెరిగారు. పదేళ్లలో జైలుకు అదనంగా చేరిన ప్రతి వంద మందిలో 95 మంది కోర్టు ఇంకా దోషి అనని వాళ్లు! దేశంలోని మొత్తం జైళ్ల సామర్థ్యాన్ని దాదాపుగా వాళ్లే నింపేస్తున్నారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల వాళ్లు. ఎక్కువ మంది పదో తరగతి దాటని వాళ్లు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో మొత్తం ఖైదీల సంఖ్య సామర్థ్యానికి లోపలే ఉందని ఆ లెక్కలే చెబుతున్నాయి. సంతోషించాల్సిన విషయమే. అయితే ఇక్కడ కూడా లోపలున్నవాళ్లలో సగానికి పైగా విచారణలో ఉన్న రిమాండ్ ఖైదీలే.

రిమాండ్ ఖైదీకి బెయిల్ వచ్చిన రోజున ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. కోర్టు పది వేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు అంటుంది. జామీనుకు వచ్చేవాడికి ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో, భూమి కాగితమో ఉండాలి. ఆ కాగితాలు నిజమైనవేనా అని తనిఖీకి వెళతాయి, తిరిగి రావడానికి రోజులు పడతాయి. అన్నీ సరిపోయాక విడుదల ఉత్తర్వు జైలుకు చేరాలి. అక్కడ రికార్డు తీసి, మరో కేసులో అతన్ని హాజరుపరచమని వేరే స్టేషన్ నుంచి పి.టి. వారంట్ ఏమైనా పెండింగ్‌లో ఉందా అని చూస్తారు. సాయంత్రం లాకప్ వేళ దాటాక ఉత్తర్వు వస్తే విడుదల మర్నాటికే. ఊళ్లో పొలమున్న వాడికి ఇదంతా రెండు మూడు రోజుల తిప్పట. పని కోసం పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలస వచ్చి దొంగతనం కేసులో ఇరుక్కున్న కూలీకి ఎవరొస్తారు జామీనుకు? పక్కన పనిచేసే వాళ్లకూ ఇంటి పన్ను రసీదు ఉండదు. పెళ్లాం ఒక రోజు కోర్టు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. బెయిల్ కాగితం ఫైల్లో ఉంటుంది, మనిషి బ్యారక్‌లో ఉంటాడు.

1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో కృష్ణయ్యర్ ఎదుర్కొన్నది సరిగ్గా ఈ చిక్కునే. మేస్త్రీకి పది వేల జామీను అడగడమే కాకుండా, వేరే జిల్లాలో ఉన్న అతని సోదరుడు జామీనుకు వస్తే చెల్లదని కింది కోర్టు తిప్పి పంపింది. చాందినీ చౌక్‌లో పట్టుబడిన ఒక ఆంధ్రుడు, ఒక మలయాళీ అక్కడ జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెచ్చుకుంటారని ఆ తీర్పులో ఆయన అడిగారు. నాలుగున్నర దశాబ్దాల తర్వాత కూడా ఆ ప్రశ్న పాతబడలేదు. బెయిల్ వచ్చినా జామీను పెట్టుకోలేక లోపలే ఉండిపోయిన వాళ్లు దాదాపు 5,000 మంది అని జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ సుప్రీంకోర్టుకు లెక్క ఇచ్చింది. ఆ లెక్క చూశాకే, నెలలోగా జామీను సమకూరకపోతే కోర్టే షరతు సడలించే విషయం ఆలోచించాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు, 2021లో, ఆగ్రా జైల్లో బెయిల్ ఉత్తర్వు వచ్చి రోజులు గడిచినా ఖైదీల్ని వదల్లేదని తెలిసి అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన కృష్ణా జిల్లాలో పుట్టిన ఎన్.వి. రమణ, ఉత్తర్వుల కోసం ఇంకా పావురాల వైపే చూస్తున్నారా అని కోపగించారు. ఉత్తర్వుల్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నేరుగా జైలుకు పంపే 'ఫాస్టర్' వ్యవస్థ అలా పుట్టింది.

2022 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి మాట్లాడారు. జైళ్లు కిక్కిరిసిపోతున్నాయి, కొత్తవి కట్టాలంటున్నారు. దేశం అభివృద్ధి వైపు పోతుంటే జైళ్లు తగ్గాలి గదా, పెరగడమేమిటి అన్నది ఆమె ప్రశ్న. చిన్న తగాదాల్లో లోపలికి పోయిన పేదల్ని, వాళ్లను విడిపించుకోవడానికి ఉన్నదంతా అమ్ముకోవాల్సి వస్తుందని భయపడి రాలేకపోయే కుటుంబాల్ని ఆమె గుర్తుచేశారు. పత్రికలు ఆ మాటల్ని ప్రముఖంగా వేశాయి. ఆరు నెలల్లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. 2023 నాటి మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి జామీను కోసం 40,000 రూపాయల దాకా, శిక్ష పడిన వాడికి జరిమానా కట్టడానికి 25,000 దాకా ఇవ్వవచ్చు. ఏడాదికి 20 కోట్లు కేటాయించారు. ఒక జైలు కట్టడానికయ్యే ఖర్చు ముందు ఇది ఎంత చిన్న మొత్తమో చెప్పనక్కర్లేదు.

ఇక పునరావాసం సంగతి. శిక్ష పడిన వాడికి నాలుగేళ్లో పదేళ్లో లెక్క ఉంటుంది. ఏడాది వడ్రంగం నేర్పవచ్చు, మూడేళ్లలో డిగ్రీ చదివించవచ్చు. రిమాండ్ ఖైదీకి ఆ లెక్క లేదు. రేపు వెళ్లిపోవచ్చు, మూడేళ్లు ఉండిపోవచ్చు. దోషి అని తేలని మనిషి చేత బలవంతంగా పని చేయించకూడదు; అది న్యాయమే. దాంతో జైలు కార్ఖానాలు, తరగతులు, కౌన్సెలింగ్ అన్నీ శిక్ష పడిన ఖైదీని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. లోపలున్న నలుగురిలో ముగ్గురు వాటి పరిధిలోకే రారు. వాళ్లు పొద్దున్నే లెక్కకు నిలబడతారు, తింటారు, ములాఖత్ కోసం చూస్తారు, వాయిదాకు వెళ్లొస్తారు. మొదటిసారి సెల్‌ఫోన్ దొంగతనం కేసులో వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆ ఖాళీ సమయమంతా ఎవరి పక్కన కూర్చుంటాడన్నది జైళ్ల సిబ్బందిలో ఎవర్నడిగినా చెబుతారు. పడకలు పెంచితే ఆ కుర్రాడికి పడుకోవడానికి చోటు దొరుకుతుంది. పగలంతా ఏం చెయ్యాలో దొరకదు.

శిక్ష పడిన ఖైదీల విషయంలో తెలుగు రాష్ట్రాలు చేసి చూపినవి తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో చంచల్‌గూడ జైలు పక్కన జైళ్ల శాఖ పెట్రోల్ బంకు తెరిచింది. సత్ప్రవర్తన ఉన్న ఖైదీలు అక్కడ బండ్లకు పెట్రోలు కొడతారు, డబ్బు తీసుకుంటారు, చిల్లర తిరిగిస్తారు. నగరం నడిమధ్యలో, రోజూ వందల మంది ముఖాలు చూస్తూ, నోట్లు లెక్కబెట్టుకుంటూ. తర్వాత ఇలాంటి బంకులు రెండు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల వచ్చాయి, విడుదలైన వాళ్లలో కొందరికి అక్కడే ఉద్యోగాలూ దొరికాయి. చెర్లపల్లి జైల్లో బెంచీలు, బీరువాలు తయారవుతాయి. 'మై నేషన్' పేరుతో జైలు సబ్బులు, ఫినాయిలు బజారుకొస్తున్నాయి. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం జైళ్లలోనే చదువు కేంద్రాలు పెట్టింది. ఉస్మానియాలో మనస్తత్వశాస్త్రం బోధించిన ఆచార్య బీనా చింతలపూరి రూపొందించిన 'ఉన్నతి' కార్యక్రమం వీటన్నిటికంటే లోతైన చోట పనిచేస్తుంది: కోపం వచ్చిన క్షణంలో మనిషి ఏమనుకుంటాడు, ఆ అనుకోవడం మారుతుందా అన్న చోట. చేతికి పని నేర్పడం ఎంత అవసరమో, ఆ చెయ్యి లేచే ముందు ఒక నిమిషం ఆగడం నేర్పడం అంతే అవసరం.

ఇంకా పాత ఉదాహరణ అనంతపురం దగ్గర రెడ్డిపల్లిది. 1965 నుంచి అక్కడ ఓపెన్ ఎయిర్ జైలు నడుస్తోంది. అంతకు ముందే, 1954లో, హైదరాబాద్ పొలిమేరన మౌలాలిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం మొదలైంది. ఎత్తైన గోడలు లేకుండా, దీర్ఘకాలం శిక్ష పడిన వాళ్లను నమ్మి పొలం పనికి పంపడం ఆ రోజుల్లో సాహసమే. రాజస్థాన్ ఇంకో అడుగు ముందుకేసింది. జైపూర్ శివారులోని సంగానేర్‌లో ఖైదీ తన కుటుంబంతో సహా ఉంటాడు. పగలు ఊళ్లోకి వెళ్లి సంపాదించుకుంటాడు, సాయంత్రం హాజరుకు తిరిగొస్తాడు. పిల్లలు బడికి పోతారు. పప్పుబియ్యం ఖర్చు అతనిదే. ప్రభుత్వానికి ఇంత తక్కువ ఖర్చులో ఇంత పెద్ద సామర్థ్యం మరే పద్ధతిలోనూ రాదు. అయినా 2024లో ఆ స్థలంలో కొంత తీసి ఆసుపత్రి కడదామన్న ప్రతిపాదన వచ్చి, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. రాజస్థాన్ వదిలేస్తే, ఓపెన్ జైలు మన దేశంలో అరవై ఏళ్లుగా నమూనాగానే మిగిలిపోయింది. అనంతపురానికి ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా జిల్లాకొకటి రాకపోవడం బాధ కలిగించే విషయం.

జైలు పని మీద మరో మచ్చ ఇటీవలి దాకా ఉండిపోయింది. చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్లు వంట ఫలానా కులం వాళ్లకు, ఊడ్చే పని, పాకీపని ఫలానా కులం వాళ్లకు అని రాతపూర్వకంగా పంచిపెట్టాయి. సుకన్యా శాంత అనే పాత్రికేయురాలు పరిశోధించి వేసిన పిటిషన్ మీద 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసింది. తాత చేసిన పనే జైల్లోనూ చేయించి, దానికి పునరావాసం అని పేరు పెట్టడం ఎంత అన్యాయమో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది.

పడకల మీద పెట్టే డబ్బు మనుషుల మీద పెడితే ఏమవుతుందో చూడటానికి అమెరికాలోని టెక్సస్ ఉంది. శిక్షల విషయంలో ఆ రాష్ట్రానిది మెతక చెయ్యి అని ఎవరూ అనరు. 2007లో అక్కడి అంచనాల ప్రకారం 2012 నాటికి మరో 17,000 పడకలు కావాలి, రెండు వందల కోట్ల డాలర్లు పోయాలి. కొత్త జైళ్లు కట్టవద్దు, ఖర్చు భరించలేం అని శాసనసభ స్పీకరే చెప్పారు. రిపబ్లికన్ జెర్రీ మాడెన్, డెమొక్రాట్ జాన్ విట్‌మైర్ అనే ఇద్దరు చట్టసభ సభ్యులు కలిసి కూర్చున్నారు. జనం మళ్లీ మళ్లీ జైలుకు ఎందుకొస్తున్నారో లెక్క తీస్తే, మత్తుమందు వ్యసనం, ప్రొబేషన్ షరతులు తప్పడం ముందుకొచ్చాయి. 24 కోట్ల డాలర్లు చికిత్సా కేంద్రాలకు, ప్రొబేషన్ పర్యవేక్షణకు కేటాయించారు. అంచనా వేసిన ఆ రద్దీ రాలేదు. 2011లో రాష్ట్ర చరిత్రలో మొదటిసారి ఒక జైలు మూసేశారు. హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో ఉండేది ఆ సెంట్రల్ యూనిట్.  టెక్సస్ జైళ్లలో ఇప్పటికీ లక్షకు పైగా జనం ఉన్నారు, ఆ రాష్ట్రాన్ని ఆదర్శమని ఎవరూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పట్టాల్సింది పద్ధతి: ముందు ఎవరొస్తున్నారు, ఎందుకొస్తున్నారు అని చూసి, ఆ తర్వాత ఇటుకల సంగతి తేల్చుకోవడం.

ఇటుకలే వద్దని దీని అర్థం కాదు. నిద్రించే బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్లు, అంటే సుమారు నలభై చదరపు అడుగులు ఉండాలని 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెబుతోంది. ఒక చాప, పక్కన ఒక సంచి, కాళ్లు చాపుకోవడానికి కాస్త చోటు. కిక్కిరిసిన జైళ్లలో అదీ దొరకని వాళ్లు ఉన్నారు, వాళ్లకు బ్యారక్ కావాలి. తల్లితో పాటు ఆరేళ్ల లోపు పిల్లలు కూడా లోపలే పెరుగుతారు. వాళ్లకు బాలవాడి, ఆటస్థలం, వేరే తిండి ఉండాలని ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అవన్నీ కట్టాలి. హత్యలకూ, అత్యాచారాలకూ పాల్పడిన వాళ్ల నుంచి సమాజాన్ని కాపాడే గట్టి జైళ్లూ కావాలి. నష్టపోయిన కుటుంబం కూడా ఈ లెక్కలో ఉండాలి. ఖైదీకి న్యాయమైన కూలి ఇచ్చి, అందులో కొంత బాధితుల పరిహారానికి మళ్లించాలని 1998లో సుప్రీంకోర్టు సూచించింది. కూలి అరకొరగా ఉన్నచోట బాధితుడికి చేరేదీ అరకొరే. ఇక సిబ్బంది సంగతి చూస్తే, దేశం మొత్తం మీద మంజూరైన జైలు ఉద్యోగాల్లో సుమారు 30 శాతం ఖాళీగా ఉన్నాయి. వార్డర్లే చాలని చోట మనస్తత్వవేత్త, ఉపాధ్యాయుడు, సంక్షేమ అధికారి ఎక్కణ్నుంచి వస్తారు?

వరంగల్ సెంట్రల్ జైలు 1886 నాటిది. 2021 జూన్‌లో ఖైదీల్ని ఇతర జైళ్లకు పంపి దాన్ని పడగొట్టి, ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు. అంతకు ముందు ముషీరాబాద్ జైలు స్థలంలో గాంధీ ఆసుపత్రి వచ్చింది. ఆసుపత్రులు రావడం మంచిదే. అయితే వరంగల్ జైలు కార్ఖానాల్లో పని నేర్చుకుంటున్న ఖైదీలు చెల్లాచెదురయ్యారు, వాళ్ల కోసం వచ్చే ముసలి తల్లిదండ్రులకు ములాఖత్ దూరాభారమైంది. వరంగల్‌కు కొత్త జైలు గీసే ఇంజినీరు ముందు సాధారణంగా ఉండే ప్రశ్న ఒక్కటే, ఎంతమందికి? దాని పక్కనే మరికొన్ని ప్రశ్నలు రాయించాలి. ఎన్ని కార్ఖానా బల్లలు, వాటి మీద రిమాండ్ ఖైదీ ఇష్టపడి పని చేస్తే కూలి ఎంత? నెల రోజుల్లో ముగిసే చిన్న కోర్సులు ఏవి? న్యాయసేవల వకీలు రోజూ కూర్చునే గది ఎక్కడ? విడుదలైన రోజున బస్సు చార్జీ, ఆధార్ కార్డు, ఒక పనిచోటు చిరునామా చేతికిచ్చే బల్ల ఎవరిది?

కొత్త జైలు కోసం ఆగకుండా ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ కేసులోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బెయిల్ మీద విడుదల చేయాలి. మిగతావాళ్లకు సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. గడువు తీరగానే కోర్టుకు దరఖాస్తు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఏడాది ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒకటికి మించి కేసులున్న వాళ్లను అదే సెక్షన్ పక్కన పెట్టేసింది. చిల్లర దొంగతనాల్లో పట్టుబడ్డ పేదవాడి మీద సాధారణంగా ఉండేవి రెండు మూడు కేసులే కాబట్టి, ఆ మినహాయింపును పార్లమెంటు మళ్లీ చూడాలి. అంతవరకూ జిల్లా జడ్జి, కలెక్టర్, ఎస్పీ, న్యాయసేవల కార్యదర్శి, జైలు సూపరింటెండెంట్ కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ మూడు నెలలకోసారి కాకుండా నెలనెలా సమావేశమై, జైలు రిజిస్టర్‌లో ఒక్కొక్క పేరు ఎదుట రిమాండ్ తేదీ, సెక్షన్, గరిష్ఠ శిక్ష, గడువు తీరే తేదీ రాయించి, ఆ జాబితాను కోర్టు నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు.